ఒడి మారిన బిడ్డలు

మా బాగలూరు ఉన్నచోటి నుంచి కదలలేదు. అయినా మా తాత ఉన్నప్పుడు మా ఇల్లు సేలం జిల్లాలో ఉండేది. నేను పుట్టేటప్పటికి అదే ఇల్లు ధర్మపురి జిల్లాకు వచ్చింది. ఇప్పుడు కృష్ణగిరి జిల్లాలో ఉంది. 1965లో ఒకసారి, 2004లో ఇంకొకసారి జిల్లా మారింది. 1956లో భాషను బట్టి రాష్ట్రాల హద్దులు గీసినప్పుడు మేము మదరాసు రాష్ట్రంలోనే ఉండిపోయాము. మాలూరు దారిలో కొంచెం పోతే కర్ణాటక. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, సంతలో మూడు భాషలూ. ఇట్లాంటి చోట పెరిగినవాళ్ళకు చిన్ననాడే ఒక సంగతి తెలిసిపోతుంది. మనిషి వేరు, మనిషిని గురించిన కాగితం వేరు. రెండూ ఒకటిగా ఉన్నన్నాళ్ళు కాగితం సంగతి ఎవరికీ గుర్తు రాదు. తేడా వచ్చిననాడు కాగితమే మనిషిని నిలబెట్టేస్తుంది.

అట్లా నిలబడిపోయిన కొందరు పసిబిడ్డల చరిత్ర ఇది. బి.కాం. చదివి బ్యాంకులో చేరిన నాకు ఈ చరిత్రతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. అందుకు కారణం మా అక్క.

పోయిన దసరాకు అక్క ఇంటికి పోయినాను. ఆమె కొడుకు హోసూరులో మోటారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరి, అక్కడి నుంచి జర్మనీకి పోయినాడు. పోయి పన్నెండేళ్ళయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నారు. మూడేళ్ళ కిందట కోడలికి జబ్బు చేసి గర్భసంచి తీసేశారు. అండాశయాలు ఉన్నాయి. కాబట్టి వాళ్ళిద్దరి బీజంతోనే పిండాన్ని తయారు చేయవచ్చు. మోయడానికి మాత్రం ఇంకొక స్త్రీ కావాలి.

దీన్ని సరోగసీ అంటారు. మన పత్రికలు అద్దె గర్భం అని రాస్తాయి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు ఇంకొక ఇంట్లో కాపురం ఉంటారు. కడుపు అద్దెకిచ్చిన మనిషి ఎక్కడికి పోయి ఉంటుంది? ఆ మాట నాకు సరిపడలేదు. అందుకని సరోగసీ అనే రాస్తున్నాను.

జర్మనీలో 1990లో చేసిన పిండ రక్షణ చట్టం ప్రకారం ఇట్లాంటి పని చేసిన వైద్యుడికి శిక్ష ఉంది. అందుకని వాళ్ళు నల్ల సముద్రం పక్కనున్న జార్జియా దేశంలో చేయించుకుందామనుకున్నారు. అక్కడ 1990ల నుంచే చట్టం దీన్ని ఒప్పుకుంది. ఒక ఏజెంటు ముప్ఫైనాలుగు పేజీల ఒప్పందం పంపినాడు. సంతకం రోజున ఒక కంతు, పిండాన్ని గర్భంలో ఉంచినప్పుడు ఒక కంతు, మూడో నెల నిండితే ఇంకొకటి, పుట్టినప్పుడు మిగతాది. మామ బ్యాంకులో ఉన్నాడు కాబట్టి ఒకసారి చూస్తే బాగుంటుందని మేనల్లుడు నాకు పంపినాడు.

నాకు వైద్యం తెలియదు. న్యాయశాస్త్రం తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా అప్పు పత్రాలు చదవడం తెలుసు. అప్పు ఇచ్చేముందు మేము చూసేది డబ్బు ఎట్లా పోతుందని కాదు, ఎట్లా తిరిగి వస్తుందని. ఆ అలవాటు కొద్దీ నేను అడిగింది ఒకటే: "బిడ్డ పుట్టిన మరునాడు ఏ కాగితం చేతికొస్తుంది? దాన్ని మీ జర్మనీ ఒప్పుకుంటుందా?" మేనల్లుడు ఏజెంటును అడిగినాడు. అన్నీ తామే చూసుకుంటామని జవాబు వచ్చింది. బ్యాంకులో ఆ మాట విన్నప్పుడల్లా నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుతాను. ఈసారి ఒప్పందం పక్కన పెట్టి, ఇది ఎట్లా మొదలై ఎక్కడికి వచ్చిందో చదవసాగినాను.

1978 జులై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ పుట్టింది. శరీరం బయట ఫలదీకరించిన అండంతో పుట్టిన మొదటి బిడ్డ. ఆ అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశపు మొదటి బిడ్డ పుట్టింది. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన చెప్పింది నిజమేనని లోకం ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1986 ఆగస్టు 6న బొంబాయిలో ఇంకొక బిడ్డ పుట్టినప్పుడు అదే మొదటిదని పత్రికలు రాశాయి.

ఆ రోజుల్లో అందరూ విజ్ఞానాన్ని మెచ్చుకున్నారు. దాంతోపాటు జరిగిన ఇంకొక మార్పు చాలామందికి కనబడలేదు. తండ్రి ఎవరనేదానికి సాక్ష్యం కావాలిగాని తల్లి ఎవరనేదానికి అక్కరలేదని రోమను కాలం నుంచి న్యాయశాస్త్రం అనుకుంటూ వచ్చింది. కన్నది ఎవరో మంత్రసానికి తెలుసు, ఊరికి తెలుసు. అండం శరీరం బయటికి వచ్చిన తరువాత అండం ఒకరిది, మోయడం ఒకరిది, పెంచాలనే కోరిక ఇంకొకరిది కావచ్చు. తల్లి అనే ఒక్క మాట మూడు ముక్కలయింది.

పురాణాల్లో లేదా ఇది అని కొందరంటారు. దేవకి గర్భంలోని బలరాముణ్ణి రోహిణి గర్భానికి చేర్చిన కథ భాగవతంలో ఉంది, నిజమే. అయితే ఆ కథలో దేవకి పేరు దాచలేదు, రోహిణి పేరు దాచలేదు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

మొదటి పెద్ద తగాదా అమెరికాలో వచ్చింది. 1986లో న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక స్త్రీ ఒప్పందం ప్రకారం బిడ్డను కని, ఇవ్వలేనని ఎదురు తిరిగింది. ఆ అండం కూడా ఆమెదే. కోర్టు పత్రాల్లో ఆ పాపను బేబీ ఎం అన్నారు. డబ్బు తీసుకుని బిడ్డనిచ్చే ఒప్పందం చెల్లదని 1988లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు చెప్పింది. పాపను పెంచే హక్కు తండ్రికిచ్చినా, కన్న స్త్రీని తల్లిగానే నిలిపి, చూసిపోయే దారి ఉంచింది. అయిదేళ్ళ తరువాత 1993లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇంకొక దారి పట్టింది. అక్కడ అండం ఒకరిది, మోసింది ఇంకొకరు. ఇద్దరికీ తల్లి అనిపించుకునే ఆధారం ఉన్నప్పుడు, బిడ్డను లోకంలోకి తేవాలని మొదట కోరుకున్నది ఎవరో ఆమే తల్లి అని ఆ కోర్టు తేల్చింది. కోరుకున్న తల్లిదండ్రులు అనే మాటకు న్యాయస్థానంలో బలం వచ్చింది అక్కడే. ఒకే దేశంలో రెండు రాష్ట్రాలు, రెండు న్యాయాలు. హద్దు మీద ఉన్నవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

ఇక మన దేశం. 2005లో భారత వైద్య పరిశోధన మండలి సంతాన సాఫల్య కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి మార్గదర్శకాలే, చట్టం కాదు. ఖర్చు తక్కువ, ఇంగ్లీషు తెలిసిన డాక్టర్లు, అడ్డుచెప్పే చట్టం లేదు. విదేశాల నుంచి దంపతులు రాసాగినారు. పాల సహకార సంఘంతో పేరుపొందిన గుజరాత్‌లోని ఆనంద్ పట్టణం ఈ పనికి కూడా లోకమంతా తెలిసిపోయింది.

అక్కడే జపాన్ నుంచి వచ్చిన దంపతులు 2007లో ఒప్పందం చేసుకున్నారు. అండం పేరు చెప్పని ఒక దాతది. బిడ్డ పుట్టకముందే దంపతులు విడిపోయారు. 2008 జులై 25న పాప పుట్టింది. లూయీ బ్రౌన్ పుట్టి సరిగ్గా ముప్ఫై ఏళ్ళు. సుప్రీంకోర్టు తీర్పుల్లో ఆ పాప పేరు బేబీ మంజి. కోరుకున్న తల్లి నాకు వద్దంది. అండమిచ్చినామె ఎవరో తెలియదు. మోసినామె ఒప్పందం ప్రకారం తప్పుకుంది. ముగ్గురు స్త్రీలున్నా కాగితం మీద తల్లి లేదు. తల్లి ఎవరో తేలక ఇక్కడ పాస్‌పోర్టు రాలేదు. కన్న స్త్రీయే తల్లి అనే జపాన్ తనదాన్నిగా ఒప్పుకోలేదు. మధ్యలో అహమ్మదాబాదులో బాంబులు పేలితే పాపను జైపూరుకు తరలించారు. నాయనమ్మ జపాన్ నుంచి వచ్చి కాపలా ఉంది. తగాదా రాజస్థాన్ హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు పోయింది. సెప్టెంబరు 29న తీర్పు వచ్చింది. చివరికి జైపూరు పాస్‌పోర్టు కార్యాలయం ఒక గుర్తింపు పత్రం ఇచ్చింది. అందులో తల్లి పేరు లేదు, ఏ దేశస్థురాలో లేదు. ఆ కాగితంతో నవంబరు మొదట్లో, మూడు నెలలు దాటిన పాప నాయనమ్మతో జపాన్ చేరింది.

అదే ఊళ్ళో అదే ఏడాది జనవరిలో ఒక జర్మను దంపతులకు కవలలు పుట్టారు. జర్మనీ ఆ పిల్లలను మావాళ్ళు కారంది. మన పౌరసత్వ చట్టం ప్రకారం ఇక్కడ పుట్టినంత మాత్రాన చాలదు, తల్లో తండ్రో భారతీయులై ఉండాలి. తల్లి ఎవరు? అండమిచ్చిన దాతా, మోసిన గుజరాతీ స్త్రీయా, జర్మను ఇల్లాలా? మోసి కన్న భారతీయ స్త్రీయే తల్లి, కాబట్టి పిల్లలు భారతీయులు అని 2009 నవంబరు 11న గుజరాత్ హైకోర్టు చెప్పింది. పిల్లలు భారతీయులైతే విదేశీ దంపతులు కొనిపోవడానికి దత్తత తప్ప దారి లేదు. కేసు సుప్రీంకోర్టుకు పోయి, దత్తతకు ప్రత్యేక అనుమతి వచ్చి, 2010 మేలో వాళ్ళు జర్మనీకి పోయినారు. అప్పటికి పిల్లలు నడక నేర్చి ఉంటారు.

ఈ తేదీలను వరుసగా రాసుకుంటే లెక్క తెలుస్తుంది. 2009 ఆగస్టులో లా కమిషన్ 228వ నివేదిక చట్టం కావాలంది. 2012 జులైలో కేంద్ర హోంశాఖ, పెళ్ళయి రెండేళ్ళు నిండిన స్త్రీపురుషులే మెడికల్ వీసా మీద రావాలనీ, బిడ్డను తమ దేశంలోకి రానిస్తామని వాళ్ళ ప్రభుత్వం ముందే రాసివ్వాలనీ షరతు పెట్టింది. 2015 నవంబరులో విదేశీయులకు పూర్తిగా మూసేశారు. 2021 డిసెంబరులో చట్టం వచ్చి 2022 జనవరి 25 నుంచి అమలయింది. ప్రతిసారీ బిడ్డ ముందు, నియమం తరువాత. మా బ్యాంకులో కూడా కొత్త సర్క్యులర్ వచ్చిందంటే ఎక్కడో ఒక శాఖలో డబ్బు పోయిందని అర్థం. ఇక్కడ పోయింది డబ్బు కాదు, పసిబిడ్డల నెలలూ సంవత్సరాలూ.

ఇక్కడ షరతులు బిగిస్తే వ్యాపారం పక్క దేశానికి పోయింది. నేపాల్‌లో ఆ దేశపు స్త్రీలు మోయకూడదన్నారు. అందుకని ఇండియా నుంచి స్త్రీలను తీసుకుపోయారు. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చినప్పుడు ఇజ్రాయెల్ విమానాలు పంపి తమ దంపతుల పసిబిడ్డలను తీసుకుపోయింది. మోసిన తల్లుల సంగతేమని లోకం అడిగింది అప్పుడే. ఆ ఏడాదే నేపాల్, థాయిలాండ్ కూడా విదేశీయులకు తలుపులు మూశాయి. తరువాత యుక్రెయిన్. 2020లో కోవిడ్ వల్ల తల్లిదండ్రులు రాలేక కీవ్ నగరంలో ఒక హోటల్లో పదుల కొద్దీ ఉయ్యాలలు వరుసగా ఉన్న బొమ్మలు పత్రికల్లో చూసి ఉంటారు. 2022లో యుద్ధం వచ్చి పసిబిడ్డలను నేలమాళిగలో దాచి పెంచవలసి వచ్చింది.

మన తెలుగు నేల మీద కూడా ఈ చరిత్ర ఆగలేదు. 2025 జులైలో సికింద్రాబాదులో ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద పోలీసులు కేసు పెట్టారు. సరోగసీ బిడ్డ అని నమ్మి లక్షలు కట్టిన దంపతులు, బిడ్డ డి.ఎన్.ఎ. తమతో కలవలేదని ఫిర్యాదు చేశారు. ఆ బిడ్డను కన్న తల్లి ఇంకెవరో.

ఇక నా ప్రశ్నకు జవాబు. 2019 మార్చిలో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ముందుకు యుక్రెయిన్‌లో పుట్టిన ఒక బిడ్డ కేసు వచ్చింది. అండం జర్మను ఇల్లాలిదే, బీజం ఆమె భర్తదే. యుక్రెయిన్ జనన పత్రంలో వాళ్ళ పేర్లే ఉన్నాయి. అయినా జర్మను చట్టంలో కన్న స్త్రీయే తల్లి, కాబట్టి ఇల్లాలు తన సొంత అండంతో పుట్టిన బిడ్డను దత్తత తీసుకోవలసిందే అని కోర్టు చెప్పింది. అదే న్యాయస్థానం 2014లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఒక కేసులో తల్లిదండ్రులను ఒప్పుకుంది. కారణం, అక్కడ ఒక కోర్టు విచారించి తీర్పు ఇచ్చింది. యుక్రెయిన్‌లో ఒక గుమాస్తా రిజిస్టరులో పేర్లు రాశాడు, అంతే. జార్జియాలో కూడా పేర్లు రాసేది రిజిస్టరులోనే. ముప్ఫైనాలుగు పేజీల ఒప్పందంలో ఈ సంగతి ఒక్క వాక్యం లేదు.

ఇది చెప్పడానికి అక్క ఇంట్లో కూర్చుని జర్మనీకి ఫోను చేసినాము. తెర మీద మేనల్లుడు, కోడలు. నేను ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చినాను. మన దేశంలోనే చేయించరాదా అని అక్క అడిగింది. 2021 చట్టంలో భారత సంతతి దంపతులైతే బోర్డు సిఫార్సు పత్రం తెచ్చుకోవాలని ఉందనీ, డబ్బిచ్చి మోయించుకుంటే ఎవరికైనా జైలేననీ చెప్పినాను. వైద్య ఖర్చులు, ఇన్సూరెన్సు లాంటివి తప్ప ఏమీ ఇవ్వకూడదు. మోసే స్త్రీకి పెళ్ళయి, సొంత బిడ్డ ఉండి, వయసు 25కు 35కు మధ్య ఉండాలి, జీవితంలో ఒకసారే మోయాలి.

"ఊరికే మోసేవాళ్ళు ఎవరుంటారప్పా, చుట్టాలు తప్ప" అన్నది అక్క.

కోడలు అంతసేపూ మాట్లాడలేదు. అప్పుడు అడిగింది. "మామా, ఆ ఒప్పందంలో ఆమె పేరు ఎక్కడుంది?"

నేను పేజీలు తిప్పినాను. ఎత్తు ఉంది, బరువు ఉంది, రక్తం గ్రూపు ఉంది, ఇంతకుముందు కాన్పులు రెండు అని ఉంది. పేరున్న చోట ఒక నంబరు ఉంది. రెండుసార్లు చదివిన నాకు అది కనబడలేదు. బిడ్డ కాగితం చూసినాను, వీళ్ళ కాగితం చూసినాను, కంతుల తేదీలు చూసినాను. ఆమెను చూడలేదు. అందరికన్నా ముందు నాకే అది కనబడవలసింది. ఎందుకో చెబుతాను.

నేను దత్తు పోయినవాణ్ణి. మా పెద్దనాయనకు పిల్లలు లేరు. నాకు నాలుగేళ్ళప్పుడు నలుగురిని పిలిచి, నన్ను కన్న తల్లి నన్ను ఎత్తుకుని వచ్చి పెద్దమ్మ ఒడిలో పెట్టిందట. వక్కాకు పంచారు. 1956 చట్టంలో దత్తహోమం తప్పనిసరి కాదు గాని, ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం నిజంగా జరగాలని ఉంది. దస్తావేజు తమిళంలో రాయించారు. సంతకాలు తెలుగులో ఉన్నాయి. ఇచ్చినవారు ఫలానా, పుచ్చుకున్నవారు ఫలానా. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆనాటి నుంచి పెద్దమ్మ అమ్మ అయింది, కన్న తల్లి చిన్నమ్మ అయింది. రెండిళ్ళ మధ్య ఒక వీధి. బ్యాంకు ఫారాల్లో తల్లి పేరు దగ్గర అమ్మ పేరే రాశాను, ఎప్పుడూ తప్పు చేయలేదు. చిన్నమ్మ పోయినప్పుడు కొరివి నా తమ్ముడు పెట్టినాడు. నేను పక్కన నిలబడినాను.

ఇంతవరకు నేను ఈ కథను బాగా జరిగిన ఒక లావాదేవీలాగే చెప్పుకుంటూ వచ్చినాను. ఆ సాయంత్రం ఫోను పెట్టేసిన తరువాత అక్క వేరే మాట చెప్పింది. అక్క నాకు తోడబుట్టింది, నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది, అన్నీ చూసింది. "నిన్ను ఇచ్చిన రాత్రి అమ్మ అన్నం తినలేదురా. అత్తా మామా చెప్పిందే మాట ఆ రోజుల్లో. ఆమెను ఎవరు అడిగినారు? పొద్దున్నే లేచి మీ ఇంటి ముందు కసువు చిమ్మను పోయింది. మీ వాకిలి ఆమె ఎందుకు చిమ్మల్ల?"

డబ్బు లేకుండా మోయాలనే చట్టాన్ని గురించి అక్క అన్న మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది. డబ్బు లేనంత మాత్రాన బలవంతం లేదని చెప్పలేము. డబ్బు ఉన్నంత మాత్రాన మనిషి ఇష్టంతోనే చేసిందనీ చెప్పలేము. అయినా నా దస్తావేజులో ఒకటుంది. చిన్నమ్మ పేరుంది. ఆమె ఇచ్చిందని రాసి ఉంది. అందుకే నేను ఎవరికీ చెందనివాణ్ణి కాలేదు. వీధి దాటి పోయి ఆమె చేతి ముద్ద తినగలిగినాను. బేబీ మంజి కాగితంలో తల్లి పేరు చోటు ఖాళీగా ఉండింది. కవలల కేసులో ఏ పేరు రాయాలన్నదే తగాదా. ఇన్ని దేశాల్లో, ఇన్నేళ్ళుగా ఆగిపోయిన బిడ్డల్లో చాలామంది, ఇచ్చిన మనిషి లేనట్టుగా రాసిన కాగితాల దగ్గరే ఆగిపోయారు. జర్మను కోర్టు దత్తత తీసుకో అనడం మేనల్లుడికి అవమానంగా తోచింది. నాకు అట్లా తోచలేదు. ఇచ్చినామె ఎవరో ముందు చెప్పి తరువాత పుచ్చుకో అని ఆ కోర్టు అడుగుతున్నట్టుంది.

సరోగసీ మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పేంత వాణ్ణి కాను. ఇట్లాంటి పనికి బయలుదేరేవాళ్ళు మన తెలుగు ఇళ్ళలో ఇప్పుడు తక్కువేమీ లేరు, ఏ దేశంలో చూసినా ఉన్నారు. వాళ్ళకు ఒక బ్యాంకు మనిషిగా చెప్పగలిగింది ఇంతే. మొదటి కంతు కట్టకముందు చివరి కాగితం చూడండి. ఆ దేశంలో తల్లి అని ఎవరి పేరు రాస్తారో, మీ దేశంలో ఎవరి పేరు ఒప్పుకుంటారో లాయరుతో రాతపూర్వకంగా తెప్పించుకోండి. మోసే మనిషి పేరేమిటో, ఆమె భాషలో ఆ ఒప్పందం ఆమెకు ఎవరైనా చదివి వినిపించారో అడగండి. అడిగితే చెప్పని చోట సంతకం పెట్టకండి.

మేనల్లుడు సంతకం ఇంకా పెట్టలేదు. అక్కడ ఒక లాయరును కలిసినాడు. కోడలు ఏజెంటుకు తనే ఒక ఉత్తరం రాసింది. ఆమె పేరు చెప్పాలనీ, డబ్బు కట్టకముందు ఒకసారి ఆమెతో మాట్లాడాలనీ అడిగింది. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. అక్కకు అరవై దాటింది. ప్రతి ఆదివారం ఫోను చేసి, "ఏమైనా తెలిసిందా?" అని అడుగుతుంది. ముందు మనుమణ్ణి గురించి అడిగేది. ఇప్పుడు ఆ జార్జియా అమ్మాయి పేరు తెలిసిందా అని అడుగుతుంది.